మగ గుర్రం నీళ్లాడిన పొద్దు

పెద జాలారిపేటలో ఎవరి నోటనైనా నమ్మశక్యం కాని మాట ఒకటి వచ్చిందంటే, ఎదుటివాళ్లు వెంటనే, "ఏటి, పోలిరాజింట్లో టీ తాగొచ్చేవా?" అని అడుగుతారు. పోలిరాజు కోతలు కోస్తాడని పేట మొత్తం తీర్మానం చేసేసి ముప్పై ఏళ్లు దాటింది. ఆ తీర్మానం మీద మొదటి వేలిముద్ర వేసింది ఎవరో కాదు, అతని పెళ్లాం సీతాలే.

నిజం చెప్పొద్దూ, పోలిరాజు జన్మలో ఒక్క కోతా కోయలేదు. అదే అతనికొచ్చిన చిక్కు. కోతలరాయుడైతే నలుగురూ నమ్మేలాగ, ఉప్పూ కారం చూసుకుని మరీ కోసేవాడు. ఇతనికా తెలివి ఏడ్చిందా! ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయనీ, దాని నెత్తురు నీలమనీ చెబుతాడు. తాబేలు గుడ్లు పెట్టిన ఇసుక బాగా కాగితే పుట్టేవి ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు అంటాడు. చీకట్లో తెడ్డు వేస్తే సముద్రం నీలంగా వెలిగిందంటాడు. యుద్ధకాలంలో జపాను విమానాలొచ్చి విశాఖపట్నం మీద బాంబులు పడేస్తే, తన తాత వల ఎక్కడిదక్కడ వదిలేసి ఇసుకలో తల దూర్చేశాడంటాడు. వీటిలో కొన్ని కళ్లారా చూసినవి, కొన్ని తాత చెప్పినవి. ఇంకొన్ని మత్స్యశాఖ వాళ్లు మీటింగు పెట్టినప్పుడు, మిగతావాళ్లంతా బిస్కెట్లు ఎప్పుడిస్తారా అని చూస్తుంటే తనొక్కడే చెవులప్పగించి విన్నవి. అన్నీ నిజాలే పాపం.

"సింహాచలం అప్పన్న ఏడాదికి ఒక్కరోజే గంధం తీసి నిజరూపం సూపిత్తాడు. ఆయన్ని నమ్ముతారు. ఏడాది పొడుగునా మీ ఎదురుగా తిరుగుతన్న నన్ను నమ్మరేటి?" అని చలమయ్య టీకొట్టు దగ్గర వాదించేవాడు పోలిరాజు.

"అప్పన్న ఒక్కరోజైనా సూపిత్తాడు కదా బావా! నువ్వదీ నేదు," అనేవాడు ఎల్లాజీ. ఎల్లాజీ పోలిరాజుకి స్వయానా బావమరిది, పైగా ఒకే పడవలో పాతికేళ్లు వేటాడినవాడు. పడవ ముందు కొసన పోలిరాజు వింత చూసేవేళకి వెనక కొసన ఎల్లాజీ నిద్రపోతూ ఉండేవాడు. అదేం జాతకమో గానీ ప్రతిసారీ అంతే.

చూపించమంటే చూపించలేకపోవడానికి వేరే కారణం ఉంది. పోలిరాజు తల్లి పెట్టిన ఆనవాయితీ అది. వలలో ఎప్పుడూ చూడనిది ఏదైనా పడితే అది గంగమ్మ తల్లి పంపిన చుట్టం. కడుపుతో ఉన్నదైతే మరీను. దానికి చిటికెడు పసుపు పెట్టి, వచ్చిన నీళ్లలోనే వదిలేయాలి. ఇంటికి తేకూడదు, నలుగురికీ చూపించి ఊరేగించకూడదు. పోలిరాజు ఆ మాట ఎన్నడూ జవదాటలేదు. అతని సాక్షులంతా అలా ఒంటికి పసుపు రాసుకుని బంగాళాఖాతంలో హాయిగా తిరుగుతున్నారు. ఒడ్డున అతనొక్కడే మిగిలాడు.

ఇక సీతాలు సంగతి. ఆమె హార్బర్లో చేపలు కొని, అల్యూమినియం బేసిన్ నెత్తిన పెట్టుకుని, వన్ టౌన్ సందుల్లో అమ్ముకొచ్చే మనిషి. గొంతు విప్పిందంటే రెండో వీధిలో కుక్కలు లేస్తాయి. ఆమెకి మొగుడి మీద ప్రేమ లేక కాదు. ఆ గుర్రం చేప వ్యవహారం ఆమె కడుపులో ఉండిపోయింది, అంతే.

అది కొడుకు బాబీ పుట్టిన రోజున జరిగింది. సీతాలుకి ముందురోజు సాయంత్రం నొప్పులొస్తే పెద్దాసుపత్రిలో చేర్చారు. పోలిరాజు అప్పటికే వేటకు పోయున్నాడు. తెల్లారి ఒడ్డుకి రాగానే కబురు తెలిసి, ఉప్పునీళ్లోడుతున్న లుంగీతోనే పరుగెత్తుకొచ్చాడు. సీతాలు రాత్రంతా నానా యాతనా పడి, అప్పుడే కని, మంచినీళ్లు తాగుతోంది. పోలిరాజు పిల్లాణ్ణి చూశాడు, మురిసిపోయాడు. అక్కడితో నోరు మూసుకుని ఉంటే బాగుండేది.

"సీతాలూ! సంద్రంలో గుర్రం సేప ఉంటాది సూడు, దాంట్లో కడుపుతో ఉండేది మొగోడే! నీళ్లాడేదీ మొగోడే! ఈయేల పొద్దున్న నా కళ్లతో సూసేను. ఆడదానికి ఏ నొప్పీ నేదు, పక్కన నిలబడతాది అంతే!" అన్నాడు.

పెళ్లాం కొడుకుని కన్నది కదా, బదులుగా తన దగ్గరున్న అన్నిటికన్నా గొప్ప వింత ఆమెకి ఇద్దామని అతని ఆశ. ఆమె చేతిలో స్టీలు గ్లాసుంది. అది తిన్నగా వచ్చి పోలిరాజు నుదుటికి తగిలింది. నర్సమ్మ తిట్టుకుంటూ అక్కడే కుట్లు వేసింది. ఆ మచ్చ ఇప్పటికీ ఎడమ కనుబొమ మీద ఉంది. పేటలో దాన్ని గుర్రం మచ్చ అంటారు.

అప్పటినుంచీ అతను ఏం చెప్పబోయినా సీతాలు చెయ్యి అడ్డం పెట్టేసేది. "సూపించు. సూపించి అప్పుడు సెప్పు," అనేది. తాబేలుతో మొదలెట్టినా, మూడు గుండెల దగ్గర మొదలెట్టినా అదే మాట. ఏ వింతా ఆమె సగం వరకైనా వినలేదు.

పోలిరాజు చాలాకాలం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఈసారి కాకపోతే ఇంకోసారి, సముద్రం ఎక్కడికి పోతుంది అనుకున్నాడు. కానీ కిందటి దీపావళి నుంచి మోకాలు మొరాయించింది. పడవ ఎక్కడం మానెయ్యమన్నాడు డాక్టరు. బాబీ పడవ తీసుకున్నాడు. బాబీ ఒడ్డుకొస్తే డీజిలు గురించి, ఐసు గురించి చెబుతాడు తప్ప ఫలానాది చూశానని ఒక్కమాట అనడు. పోలిరాజు ఒడ్డున బండరాళ్ల మీద నిలబడి విసురు వల వేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. ఇక కొత్త వింతలు తనకు తగలవని అతనికి అర్థమైపోయింది. ఉన్నవేమో ఎవరూ నమ్మరు. పేట నమ్మకపోతే మానె, సీతాలు ఒక్కతి నమ్మితే చాలు. ఆమె కూడా తనని అబద్ధాలకోరు కిందే జమకట్టి పోతే ఇన్నాళ్ల కాపురానికి అర్థమేమిటని దిగులుపడేవాడు.

తండ్రి అవస్థ చూడలేక బాబీ ఒకసారి ఫోన్లో గుర్రం చేప వీడియో వెతికి తల్లికి చూపించాడు. సీతాలు చూసి, పెదవి విరిచింది.

"నిన్న ఇదే ఫోన్లో పిల్లి అట్లకాడ పట్టుకుని దోసెలేసింది. అదీ నిజమేనేటి?"

బాబీ ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ దోసెల మాట సాయంత్రానికి టీకొట్టు దాకా పాకిపోయింది.

ఈ ఏడాది వేసవిలో ఎప్పటిలాగే వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవలన్నీ కట్టేస్తారు. హార్బరు బోసిపోయింది. సీతాలుకి కొనడానికి సరుకు లేదు. ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆమె వల్ల కాదు. ఒకరోజు పొద్దున్నే మొహానికి పసుపు రాసుకుని, ఫోను ఛార్జింగులో పెట్టి, బేసిన్ పుచ్చుకుని మొగుడి వెనకాల బయల్దేరింది.

"నువ్వెందుకే?" అన్నాడు పోలిరాజు.

"నువ్వు పట్టే నాలుగు సేపలూ టీకొట్టుకాడ పంచీకుండా కాపలాకి," అంది.

రాళ్ల దగ్గర ఆ వేళప్పుడు ఇంకెవరూ లేరు. దూరంగా పోర్టులోకి పోవాల్సిన ఓడలు లంగరేసుకుని నిలబడ్డాయి. పోలిరాజు మోకాలు పట్టుకుని ఒక బండ ఎక్కి వల విసిరాడు. మొదటిసారి గుప్పెడు చిన్న చేపలు పడ్డాయి. రెండోసారి నాచు ముద్ద వచ్చింది. సీతాలు ఆ నాచు చూసి ఏదో అనబోయి, మొగుడి మొహం చూసి ఆగింది. అతను వల ముందు మోకాళ్ల మీద కూలబడిపోయాడు. మోకాలి నొప్పి సంగతే మరిచిపోయాడు.

"ఏటయ్యింది మావా? ఏటైనా కుట్టిందేటి?"

"బేసిన్లో నీళ్లు పట్టు," అన్నాడు. "సంద్రం నీళ్లు. బేగి!"

ఆమె పట్టింది. అతను నాచు ముద్దని మెల్లగా ఆ నీళ్లలోకి జార్చాడు. నాచు విచ్చుకుంది. లోపల రెండు గుర్రం చేపలు ఒకదాని తోక ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. వేలెడంత ప్రాణులు. మొహం అచ్చం గుర్రం, తోక కోతిది. ఒకటి సన్నగా ఉంది. రెండోదాని పొట్ట మాత్రం వారంరోజులు వరసగా పెళ్లిభోజనాలు చేసొచ్చినట్టుంది.

"ఓలమ్మా, ఎంత ముద్దుగున్నాయో!" అంది సీతాలు. వెంటనే తేరుకుంది. "ఇదిగో, ఈ పొట్టున్నది ఆడది. కడుపుతో ఉన్నాది పాపం. సూత్తే తెలవట్లేదేటి?"

"అది మొగోడే," అన్నాడు పోలిరాజు.

"మళ్లీ మొదలెట్టేవా?"

"ఆడది గుడ్లు తెచ్చి ఈడి సంచిలో పోసీసి ఊరుకుంటాది. మొయ్యడం, కనడం ఈడి పని."

"పోసీసి ఊరుకుంటాదా? అదృష్టం అంటే దానిదే! నాకా సదుపాయం నేకపోయింది," అంటూ ఆమె బేసిన్ మీదికి వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

సన్నగా ఉన్న గుర్రం చేప కింది భాగం నుంచి నారింజరంగు గింజలు నాలుగు జారి బేసిన్ అడుగున పడ్డాయి. సీతాలు ఒకదాన్ని వేలికొసకి అంటించుకుని వెలుగులో పెట్టి చూసింది. ఆమె చిన్నప్పటి నుంచీ చేపల పొట్టలు చీరిన మనిషి. ఏ చేప కడుపులో గుడ్ల జెన ఉందో, ఎంత ముదిరిందో పైనుంచి తడిమి చెప్పేస్తుంది. ఇన్నేళ్లలో ఆ విషయంలో ఆమెని ఎవరూ ఎదిరించింది లేదు.

"జెన," అంది మెల్లగా. "ఇది జెనే మావా. అంటే ఈ సన్నదే ఆడది."

"ఊఁ."

"మరి ఈ పొట్టేసుకున్నది?"

పోలిరాజు బేసిన్ వైపే చూడమని వేలు చూపించాడు. నోరు విప్పితే ఎక్కడ చెడిపోతుందోనని భయం. ఇంతలో పొట్టున్నది ఒక నాచుపోగుని తోకతో గట్టిగా పట్టుకుంది. ఒళ్లంతా ముందుకు వంచింది, వెనక్కి విరుచుకుంది. మళ్లీ వంచింది. అది చూడగానే సీతాలు మొహం మారిపోయింది. ఆ వంగడం, విరుచుకోవడం ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఓలమ్మో! నొప్పులొచ్చీసినాయి!" అని కేకేసింది. ఇక మొదలెట్టింది. "బయపడకు నాయినా. తోక వొదలకు, గట్టిగా పట్టుకో. అలాగే, అలాగే... ఇంకొక్కసారి నా తండ్రే!"

పొట్ట ముందువైపు సంచి నోరు తెరుచుకుంది. చిన్న పొగలాంటిది బయటికి చిమ్మింది. చూస్తే అది పొగ కాదు, పిల్లలు. వెంట్రుక ముక్కంత పిల్లలు, ప్రతిదానికీ ఒక గుర్రం మొహం, ఒక తోక. ఊపిరి తీసుకుని మళ్లీ వంగితే ఇంకో గుంపు. బేసిన్ నిండా గుర్రాలే. సీతాలు కళ్లప్పగించి చూస్తూ, పక్కన కదలకుండా ఉన్న సన్నదాన్ని గదిమింది. "నువ్వేటే అలా సూత్తన్నావు? ఆసుపత్రిలో ఈ మావ నిలబడినట్టు నిలబడ్డావు!"

అంతా అయ్యాక ఆ మగ గుర్రం పొట్ట చదునైపోయి, తల వాల్చేసి, నాచుని పట్టుకుని వేలాడింది. సీతాలు నడుం నిలబెట్టి మొగుడి వైపు తిరిగింది. తడిచెయ్యి చాచి అతని నుదుటి మీద మచ్చని తాకింది.

"ఆ రోజు నువ్వు సెప్పింది ఇదేనా?"

"ఇదే."

"నాను ఎటకారమాడుతున్నావనుకున్నాను మావా. అంత బాధపడి కంటే, మొగోళ్లే కంటారని నవ్వుతన్నావనుకున్నాను. గ్లాసిసిరీసేను."

"నీకిద్దామని తెచ్చేనే," అన్నాడు పోలిరాజు. అన్నాక కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నెపం ఉప్పుగాలి మీదికి నెట్టేద్దామనుకున్నాడు గానీ ఆమెకీ అదే పరిస్థితి కాబట్టి ఆ అవసరం రాలేదు.

సీతాలు ముందుగా తేరుకుంది. తేరుకోగానే ఆమెకి రోషం వచ్చేసింది. "పద! పేటంతా తిప్పి సూపిద్దాం. ముందు ఎల్లాజీ గాడి మొహాన పెడతాను బేసిన్ని. కోతల పోలిరాజు అన్నోళ్లందరి చేతా సెంపలేయిత్తాను. అయ్యో, ఫోనింటికాడ వొదిలీసేను, నేపోతే పోటో కూడా..."

పోలిరాజు గుండె ఒక్క గెంతు గెంతింది. బతుకంతా అతను కోరుకున్న సాక్ష్యం, పిల్లాపాపలతో సహా, అల్యూమినియం బేసిన్లో ఉంది. టీకొట్టు ఎంతో దూరం కూడా కాదు. ఎల్లాజీ మొహం ఎలా మారుతుందో కళ్లకు కట్టింది. అమ్మ మాట కూడా గుర్తొచ్చింది. అయినా, ఇన్నేళ్లకి పెళ్లాం తన పక్షాన నిలబడి రంకెలేస్తుంటే వద్దనడానికి అతనికి మనసొప్పలేదు.

సీతాలు బేసిన్ నెత్తికెత్తుకుని రెండడుగులు వేసింది. ఎండ చురుక్కుమంటోంది. నీళ్లు తొణికి బుగ్గ మీద పడ్డాయి. అప్పటికే గోరువెచ్చగా ఉన్నాయవి. ఆమె టక్కున ఆగిపోయింది.

"ఏటి ఆగిపోనావు?" అన్నాడు పోలిరాజు.

"పచ్చి బాలింతని ఎండలో ఊరేగిత్తారేటి ఎవురైనా? అత్త ఉంటే నన్ను సంపీసును," అంది. బేసిన్ దించింది. పసుపుకోసం కొంగు చివర వెతికింది. ఏం లేదు. తన చెంప మీది పసుపునే వేలితో తీసింది. తీశాక అనుమానం వచ్చింది.

"మొగోడికి పసుపెట్టొచ్చా మావా?"

"ఏమో, అమ్మ ఆ సంగతి సెప్పనేదు."

"కన్నోళ్లకి పెడతాం కదా. ఈడూ కన్నాడు," అని తనే తేల్చేసి, దాని తల దగ్గర నీళ్లలో వేలు ముంచింది. పసుపు కొంచెం విడిపోయి దాని ఒంటి చుట్టూ తిరిగింది. రాళ్ల నడుమ నాచు బాగా పెరిగిన మడుగు ఒకటి చూసి, ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని బేసిన్ వంచారు. తండ్రి, తల్లి, పిల్లలు అందరూ వెళ్లిపోయారు.

టీకొట్టు దగ్గరికొచ్చేసరికి ఎల్లాజీ, చలమయ్య, ఇంకో నలుగురైదుగురు ఉన్నారు. సీతాలు ఖాళీ బేసిన్ చంకలో పెట్టుకుని, ఊపిరి కూడా తీసుకోకుండా మొత్తం చెప్పేసింది. నారింజ జెన, నొప్పులు, పొగలాగా పిల్లలు, ఏదీ వదల్లేదు. చెప్పాక నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

ఎల్లాజీ గ్లాసు కింద పెట్టాడు. "అక్కా, ఒక్కమాట. ఏదీ, సూపించు!"

"వొదిలీసేము."

అంతే, కొట్టు కొట్టంతా ఘొల్లుమంది. చలమయ్య నవ్వలేక పొయ్యి మీద పాలు పొంగించేసుకున్నాడు. "ఇన్నాళ్లకి జబ్బు సీతాలప్పకి కూడా అంటుకున్నాదిరా!" అన్నాడు.

సీతాలు మొహం కందగడ్డయింది. "నానబద్దమాడతానేటి? నా కళ్లతో సూసేను! మావా, నువ్వు సెప్పు!"

పోలిరాజు ముందుకొచ్చాడు. పెళ్లాం కోసం నిలబడాల్సిన సమయం ఇదేనని గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "ఇది సెప్పిందంతా అక్షరాలా నిజం! నానూ సూసేను!" అన్నాడు గట్టిగా.

అతను ఆ మాట అనకుండా ఉంటే ఒకరిద్దరైనా నమ్మేవాళ్లేమో. ఎల్లాజీ బల్ల మీద పడి దొర్లాడు. "ఓలప్పా! పోలిరాజు బావ సాక్షి!" అని కళ్లు తుడుచుకున్నాడు. "పోనీ ఫోన్లో తీసేవా అక్కా? ఆఁ, తీసినా ఏటి లాభం, ఫోన్లో అయితే పిల్లి కూడా దోసెలేత్తాది. నువ్వే కదా సెప్పేవు!"

సీతాలు ఇక అక్కడ నిలబడలేదు. ఇంటికొచ్చి బేసిన్ మూలకి గిరాటేసి, గుమ్మంలో కూలబడింది. పోలిరాజు వెనకాలే కుంటుకుంటూ వచ్చి నీళ్లిచ్చాడు, స్టీలు గ్లాసుతోనే. కాస్త దూరంగా నిలబడి మరీ ఇచ్చాడు.

ఆమె తాగింది. ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది.

"మావా, ఇన్నేళ్లూ నీకిలాగే ఉండీదా?"

"మొదట్లో కడుపు మండిపోయీది. పోను పోను అలవాటైపోనాది."

"నాకు అలవాటవ్వదు," అంది సీతాలు. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, పక్కకి జరిగి గుమ్మంలో చోటిచ్చింది. "ఆ మూడు గుండెలదేటో సెప్పు. నానెప్పుడూ ఆకరిదాకా ఇననేదు."

పోలిరాజు నమ్మలేనట్టు చూశాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఇన్నాళ్లూ అతనికి మొదటి వాక్యంతోనే సరిపోయేది, రెండోదాని అవసరం పడలేదు. "ఆక్టోపస్‌కి... రెండు గుండెలు మొప్పల కోసం కొట్టుకుంటాయి. మూడోది ఒళ్లంతటికీ నెత్తురు పంపుతాది. అది ఈదినంతసేపూ ఆ మూడో గుండె ఆగిపోద్ది. అందుకే అది ఎక్కువ ఈదదు, అలిసిపోద్ది."

"ఆగిపోద్దా! మరెలాగ?"

"ఈదడం మానీసి ఒకకాడ కుదురుగా కూకుంటే, మళ్లీ కొట్టుకోడం మొదలెడతాది."

సీతాలు అతని మోకాలి వైపు చూసింది. కిందటి దీపావళి నుంచీ పడవెక్కని కాలది. చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"అయితే కూకో," అంది. "తాబేలుది కూడా సెప్పు."